తియ్యటి నీళ్ళకూ పరీక్ష కావాలి

బోరు బండి ఊళ్ళోకి వచ్చిందంటే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు. అంతకు ముందే కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని ఒకరు, వేపపుల్ల పట్టుకుని ఇంకొకరు పాయింటు చూపించి ఉంటారు. రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే ఇంటాయన చూపంతా బయటికొచ్చే పొడి మీదే. ఎర్రమట్టి అయిపోయి మొరం, మొరం అయిపోయి నల్లరాయి. ఆ రాతిలో ఎక్కడో గ్యాపు తగిలి బుస్సుమని నీళ్ళు చిమ్మితే ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొస్తారు. తెల్లారేసరికి ఊరంతా అడిగే మొదటి ప్రశ్న: ఎన్నించుల నీళ్ళు పడ్డాయి? రెండో ప్రశ్న: తియ్యనా, ఉప్పనా? ఇంటాయన దోసిలి పట్టి ఒక గుక్క తాగి తీర్పు చెప్పేస్తాడు. ఆ బోరు ఎన్నేళ్ళు పోసినా దాని నీటికి జరిగే పరీక్ష చాలా ఇళ్ళలో ఆ ఒక్క గుక్కే.

పల్లెటూరి వంటింటికి నీటి గురించి తెలియదని అనడానికి లేదు. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు విరగకపోతే నీళ్ళు మంచివి కావంటారు. సబ్బు నురగ రాకపోయినా, కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినా అదే మాట. ఇవన్నీ నిజమైన పరీక్షలే. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైనప్పుడు పప్పు ఉడకదు, సబ్బు నురగదు. ఆ గుణాన్నే ల్యాబ్ వాళ్ళు కాఠిన్యం అంటారు. అమ్మమ్మలు దాన్ని ఏ రసాయనమూ లేకుండా కనిపెట్టారు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్న నీళ్ళలోనే ఒక్కోసారి ఫ్లోరైడు ఎక్కువగా ఉంటుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ నేల కింద ఉన్నది చాలాచోట్ల గ్రానైటు, దానికి దగ్గరి రాళ్ళు. వాటిలోని ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకం లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్ళలో నీరు ఏళ్ళ తరబడి నిలిచి ఉంటే ఆ ఖనిజాల నుంచి ఫ్లోరైడు కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడును పట్టి అడుగుకు దింపేస్తుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బనేటు ఎక్కువగా ఉన్న నీటిలో ఆ అడ్డు ఉండదు. అంటే పప్పు బాగా ఉడికే నీళ్ళు, సబ్బు బాగా నురిగే నీళ్ళు, నాలుకకు తియ్యగా తగిలే నీళ్ళు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, తాగునీటిలో ఉండే మోతాదులో రుచీ లేదు.

నీటిలోని ఈ ఫ్లోరైడు ఎముకల్నీ కీళ్ళనీ దెబ్బతీస్తుందన్న సంగతి భారతదేశంలో మొట్టమొదట బయటపడ్డది తెలుగు నేల మీదే. అప్పటి మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ముందుగా గమనించింది రైతులే. దుక్కిటెద్దులు కీళ్ళు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వేయలేకపోయేవి. ఆ తర్వాత మనుషుల్లోనూ అవే కీళ్ళనొప్పులు, అదే బిగుతు, వంగని మెడ, వంగిపోయిన నడుము. షార్టు అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ రోగుల్ని పరీక్షించి, దీనికి కారణం తాగే బావినీటిలోని ఫ్లోరైడు అని 1937లో ప్రకటించారు. పళ్ళ మీది గారకు నీటిలోని ఫ్లోరైడే కారణమని అమెరికాలో తేలి అప్పటికి ఆరేళ్ళే అయింది. తరతరాలుగా తాగుతున్న బావులే అలా చేశాయంటే నమ్మడం ఆ రైతులకు ఎంత కష్టమై ఉంటుందో!

తర్వాతి పేరు నల్లగొండ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఆ జిల్లా పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని గమనించి 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. 1975లో నాగపూరులోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని ప్రకటించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మంచినీళ్ళ కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా పడింది. ఆ ఏడాదే అలాంటి పోటీలను చూసి పార్లమెంటు అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. గుక్కెడు మంచినీళ్ళు అడగడానికి జనం ఎంచుకున్న దారి ఆ పోటీ. ఇరవై ఏళ్ళకు, 2016లో, మిషన్ భగీరథ మొదలై కృష్ణా నీళ్ళు పైపుల్లో మునుగోడు, మర్రిగూడ వైపు ఇళ్ళకు చేరాయి.

నది నీరు రావడం పెద్ద మేలు. అయితే కుళాయి నీరు మారింది గాని నేల కింది రాయి మారలేదు. ఆ రాతిలో కొత్త బోర్లు ఇవాళా పడుతూనే ఉన్నాయి. పొలంలో బోరు, కోళ్ళఫారం బోరు, ఊరికి దూరంగా వెంచరులో కట్టుకున్న ఇంటి బోరు. పైపులైను పగిలి నాలుగు రోజులు కుళాయి రాకపోతే ఊరంతా బిందెలు పట్టుకుని వెళ్ళేది ఆ బోర్ల దగ్గరికే. మే నెల ఎండలో పత్తి కట్టె పీకే కూలీలు బాటిళ్ళు నింపుకునేదీ అక్కడే. ఎండలో పనిచేసే మనిషి నీడన కూర్చున్న మనిషికంటే ఎన్నో రెట్లు నీళ్ళు తాగుతాడు. అంత ఫ్లోరైడూ అతని ఒంట్లోకి వెళుతుంది.

కుళాయి నీళ్ళకు జవాబు చెప్పేవాళ్ళున్నారు: పంచాయతీ, గ్రామీణ నీటి సరఫరా శాఖ. నీళ్ళు రంగు మారితే సర్పంచిని నిలదీయొచ్చు. సొంత బోరుకు ఆ దిక్కు లేదు. మోటారు కాలిపోతే బాగుచేయించుకునేది యజమానే, నీటిని పరీక్ష చేయించుకోవాల్సిందీ యజమానే. ఆ రెండో పని గుర్తుచేసేవాళ్ళు మాత్రం లేరు. అమెరికాలోనూ పరిస్థితి ఇంతే. అక్కడ 1974లో వచ్చిన సురక్షిత తాగునీటి చట్టం సొంత బావులకు వర్తించదు. మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్న న్యూజెర్సీ రాష్ట్రం మాత్రం ఒక అడుగు ముందుకేసింది. 2002 నుంచి అక్కడ సొంత బావి ఉన్న ఇల్లు అమ్మాలంటే నీటిని ల్యాబులో పరీక్ష చేయించి ఆ నివేదిక కొనేవారికీ అమ్మేవారికీ చూపించి తీరాలి. ఇల్లు అద్దెకిచ్చిన యజమాని ఐదేళ్ళకోసారి పరీక్ష చేయించి కిరాయిదారుకు ఫలితం ఇవ్వాలి. అక్కడి రాళ్ళలో ఆర్సెనిక్ ఉంది మరి. మన దగ్గర బోరున్న ఇల్లు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ముప్పై ఏళ్ళవి అడుగుతారు. నీటి కాగితం అడిగే అలవాటు ఇంకా రాలేదు. రావాలి.

పక్కింటి బోరు బాగుందట, మనదీ అదే నీళ్ళు కదా అనుకునేవాళ్ళకు బంగ్లాదేశ్ కథ చెప్పాలి. చెరువుల నీళ్ళు తాగి పసిపిల్లలు వాంతులు విరేచనాలతో చనిపోతున్నారని అక్కడ లక్షల సంఖ్యలో చేతిపంపులు వేశారు. చూడటానికి తేటగా, చల్లగా ఉండే ఆ నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని 1993లో తెలిసింది. సరిహద్దుకు ఇవతల పశ్చిమ బెంగాల్‌లో చర్మవ్యాధుల వైద్యుడు కె.సి. సాహా తన దగ్గరికి వచ్చిన రోగుల చర్మం మీది మచ్చల్ని చూసి దాన్ని పదేళ్ళ ముందే పట్టుకున్నారు. తర్వాత బంగ్లాదేశ్‌లో కిట్లు పట్టుకుని ఊరూరా తిరిగి 50 లక్షలకు దగ్గరగా పంపుల్ని పరీక్షించారు. మంచివాటికి ఆకుపచ్చ రంగు, ఆర్సెనిక్ ఎక్కువున్న వాటికి ఎర్ర రంగు. ఎర్ర రంగు పడినవి సుమారు 14 లక్షలు. ఒకే వాడలో, కొన్ని గజాల దూరంలో ఒక పంపు ఎరుపు, ఒక పంపు ఆకుపచ్చ. లోతు వేరైతే నీరు తగిలే పొర వేరు, పొర వేరైతే నీటి గుణం వేరు. మన గ్రానైటులోనూ అంతే. 200 అడుగుల బోరు ఎండిపోయి దాన్ని 600 అడుగులకు దింపితే, స్థలం అదే అయినా కొత్త నీళ్ళు కొత్తవే. పాత రిపోర్టు దానికి చెల్లదు.

ఆ కథలోనే ఇంకో ముక్క ఉంది, పరీక్ష చేయించుకునే ప్రతివాళ్ళూ వినాల్సింది. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే బంగ్లాదేశ్‌లో 150 బావుల నీటిని తీసుకెళ్ళి పరీక్షించింది. చాలా మూలకాల లెక్క తేల్చింది. ఆర్సెనిక్ వాళ్ళ జాబితాలో లేదు. నివేదిక బాగానే కనిపించింది. తర్వాత బాధితులు లండన్ కోర్టుకెక్కారు. కేసు ప్రభువుల సభ దాకా వెళ్ళి 2006లో ఓడిపోయింది. ఆ సంస్థకు ఆ గ్రామస్థుల పట్ల చట్టపరమైన బాధ్యత లేదన్నారు న్యాయమూర్తులు. తీర్పు సంగతి అలా ఉంచితే, ల్యాబు కాగితం మీద ఉండేది అడిగిన వాటి లెక్కే. అడగనిది ఆ కాగితంలో ఉండదు. సీసా ఇచ్చి నీళ్ళు చూడండి అంటే చాలదు. ఏమేం చూడాలో పేరుపెట్టి అడగాలి.

తెలుగు పల్లెల్లో మొదట అడగాల్సింది ఫ్లోరైడు. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. రెండోది నైట్రేటు, హద్దు 45 మిల్లీగ్రాములు. ఇది రాతి నుంచి వచ్చేది కాదు, ఎక్కువగా ఎరువుల నుంచి, మరుగుదొడ్డి గుంతల నుంచి, పశువుల పేడ నుంచి దిగేది. ఆరు నెలల లోపు పసికందుకు పోతపాలు నైట్రేటు ఎక్కువున్న నీళ్ళతో కలిపితే రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలిరంగుకు తిరగవచ్చు. మూడోది యురేనియం. ఈ పేరు వింటే బాంబులూ రేడియేషనూ గుర్తొస్తాయి గాని, తాగునీటిలో దాని ప్రధాన హాని మూత్రపిండాలకు. ఒకప్పటి నల్లగొండ జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టులోనూ కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ యురేనియం నిక్షేపాలున్న సంగతి అందరికీ తెలిసిందే. గని లేకపోయినా మామూలు గ్రానైటు నుంచీ అది నీటిలోకి దిగుతుంది. దేశంలో 16 రాష్ట్రాల భూగర్భజలాల్లో యురేనియం ఎక్కువగా ఉందని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో రాశారు. మన ప్రమాణంలో ఒకప్పుడు లేని దీని హద్దు తర్వాత సవరణలో చేరింది: లీటరుకు 0.03 మిల్లీగ్రాములు. ఆర్సెనిక్ హద్దు 0.01. వీటితో పాటు కాఠిన్యం, ఇనుము, కరిగిన లవణాల మొత్తం, సూక్ష్మజీవులు చూపించుకుంటే బోరు స్వభావం తెలుస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. రోగం కనిపించిన ప్రతిచోటా నీటినే దోషిగా నిలబెట్టకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు వేల కుటుంబాలను కూల్చింది. ఎన్నో బృందాలు అక్కడి బావినీటిని పట్టుకెళ్ళి పరీక్షించాయి. ఇదిగో ఈ ఒక్కటే కారణమని చూపించగలిగిన పదార్థం దొరకలేదు. అయినా ఆ పరీక్షలు వృథా కావు. వెతుకులాట ఎటు సాగాలో అవే చెబుతాయి.

ఊళ్ళ మీద తిరిగే ఇంకో రకం పరీక్ష గురించి కూడా చెప్పుకోవాలి. ఫిల్టరు అమ్మేవాళ్ళు పెన్నులాంటి టీడీఎస్ మీటరు గ్లాసులో ముంచి అంకె చూపిస్తారు. ఆ మీటరు నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి మొత్తం లవణాల్ని అంచనా వేస్తుంది. అందులో ఫ్లోరైడు ఎంతో దానికి తెలియదు. మీటరు మీద 300 వచ్చిన నీటిలో ఫ్లోరైడు 3 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 1200 వచ్చిన నీటిలో అర మిల్లీగ్రాము ఉండొచ్చు. కొందరు ఇంకాస్త ముందుకెళ్ళి, రెండు గ్లాసుల్లో లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. బోరు నీళ్ళు క్షణాల్లో మడ్డిగా, గోధుమరంగుగా మారిపోతాయి. ఫిల్టరు నీళ్ళు తేటగానే ఉంటాయి. చూసిన తల్లి గుండె జారిపోతుంది. ఆ మడ్డి నీటిలో నుంచి వచ్చింది కాదు. కడ్డీలోని ఇనుము కరెంటుకు కరిగి తుప్పుగా తేలింది. ఫిల్టరు నీటిలో లవణాలు లేక కరెంటు పారలేదు కాబట్టి కడ్డీ కరగలేదు. పిల్లల మీద ప్రేమను అడ్డం పెట్టుకుని చేసే మోసం ఇది, దీన్ని గుమ్మంలోనే ఆపాలి.

అసలు పరీక్ష ఇంతకంటే నిదానంగా జరుగుతుంది, ఖర్చూ పెద్దగా కాదు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు ఫీల్డ్ కిట్లతో నీరు పరీక్షించడం నేర్పించాలని నిర్ణయించారు. ఊళ్ళో శిక్షణ పొందినవాళ్ళుంటే మొదట వాళ్ళనడగాలి. కిట్టులోని రసాయనపు చుక్కలు వేస్తే రంగు మారుతుంది, దాన్ని కార్డుతో పోల్చి చూస్తారు. అది తొలి జల్లెడ. అంకె హద్దుకు దగ్గర్లో ఉన్నా, దాటినా ల్యాబుకు పంపాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు జిల్లాలోనూ డివిజన్లలోనూ ల్యాబులున్నాయి. నామమాత్రపు రుసుముతో మామూలు జనం తెచ్చిన నీటినీ చూసేలా 2021లో వాటిని తెరిచారు. యురేనియం, ఆర్సెనిక్ లాంటివి అన్నిచోట్లా చూడరు. ముందే ఫోను చేసి కనుక్కుంటే ఒక బస్సు చార్జీ మిగులుతుంది.

నీళ్ళు పట్టే తీరులో తేడా వస్తే ల్యాబు ఎంత మంచిదైనా ఫలితం తప్పుతుంది. మోటారు వేసి కనీసం పది నిమిషాలు వదిలేయాలి, కేసింగులో నిలవ ఉన్న నీరంతా పోవాలి. ట్యాంకు కుళాయి నుంచి కాకుండా బోరు పైపు దగ్గరే పట్టాలి. ఫ్లోరైడుకు గాజు సీసా పనికిరాదు, ప్లాస్టిక్ సీసా కావాలి. ఆ బోరు నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి, మూత దాకా నింపి, బిగించాలి. సీసా మీద తేదీ, ఊరు, సర్వే నంబరు, బోరు లోతు రాయాలి. లోతు రాయడం చాలామంది మరిచిపోతారు గాని, రెండేళ్ళ తర్వాత ఆ కాగితం అర్థమయ్యేది దానివల్లే. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రం ల్యాబువాళ్ళిచ్చే శుభ్రపరిచిన సీసానే వాడాలి. దాన్ని తొలవకూడదు. ఐసులో పెట్టి ఆ రోజే అందించాలి.

ఎప్పుడు పట్టాలంటే, మొదటిసారి వానలకు ముందు, మే నెలలో. నీటిమట్టం అడుగంటి ఉండే కాలం అది. వానలు వెలిశాక, నవంబరులో మరోసారి చూస్తే రెండింటి తేడా తెలుస్తుంది. భూగర్భజల శాఖలు తమ పరిశీలన బావుల్ని చూసేదీ ఈ పద్ధతిలోనే. ఇంట్లో కోడలు నీళ్ళు పోసుకుందని తెలిసినప్పుడు, చంటిబిడ్డ ఉన్నప్పుడు మే నెల కోసం ఆగక్కర్లేదు. శాశ్వత దంతాలు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ళ వయసు దాకా. పంటి మీద గార పడేది ఆ ఏళ్ళలోనే, పడ్డాక పోదు.

ఫలితం చెడ్డగా వస్తే చేయాల్సిన మొదటి పని భయపడకుండా ఉండటం, రెండోది ఆ నీళ్ళను కాచి తాగకుండా ఉండటం. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు చావదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. పటిక, సున్నం పద్ధతిలో ఎంత పటిక వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడునూ క్షారగుణాన్నీ బట్టి ఉంటుంది కాబట్టి ల్యాబు అంకె చేతిలో లేకుండా దాని జోలికి వెళ్ళకూడదు. చింతపండు గురించి చాలామంది అడుగుతారు. రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో చూపించారు. చారు తాగడం మంచిదే, పాలు, పెరుగు, ఆకుకూరలు ఇంకా మంచివి. అయితే అవి చెడ్డ నీటిని మంచి నీరు చేయవు.

ఆ బోరును పూడ్చేయాల్సిన పని కూడా లేదు. స్నానానికి, బట్టలకు, మొక్కలకు అది నిక్షేపంగా పనికొస్తుంది. మార్చాల్సింది తాగే నీరు, వండే నీరు. మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు, ఐదుగురి ఇంటికి రెండు క్యాన్లు, రెండున్నర క్యాన్లు. చాలా ఇళ్ళలో తాగడానికి క్యాను తెప్పించుకుని వంటకు బోరు నీళ్ళే వాడుతున్నారు. బియ్యం, పప్పు ఆ నీటిని పీల్చుకునే ఉడుకుతాయి. అన్నంతో పాటు ఆ ఫ్లోరైడూ కంచంలోకి వస్తుంది. కుళాయి వచ్చే ఊళ్ళో కుళాయి నీళ్ళే కుండలో, కుక్కరులో పోయాలి. కుళాయి లేని పొలం ఇంటికి, ఊరి వాటర్ ప్లాంటు నుంచి తెచ్చుకునేటప్పుడు, ఆ ప్లాంటు నీటికి చివరిసారి ఫ్లోరైడు పరీక్ష ఎప్పుడు జరిగిందో, ఎంత వచ్చిందో అడిగి, రిపోర్టు చూసి మరీ క్యాను నింపించుకోవాలి.